చావడిలో అనగలిగే మాట

తట్టాంచావడి,
పుదుచ్చేరి.

చిట్టితల్లీ,

చెన్నైలో మీ హాస్టల్ పిల్లలు నిన్ను 'గుల్టి' అంటున్నారనీ, ఉక్రోషం ఆపుకోలేక 'పోండే, అరవ బ్యాచ్' అని నువ్వూ అనేశావనీ మొన్న ఫోనులో చెప్పావు. "తప్పా తాతయ్యా?" అని అడిగావు. రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

కుర్రకారు మాటలంటే నాకు చిరాకు లేదమ్మా. తియ్యటి కబుర్లతో అమ్మాయిని మంచి చేసుకోబోయే వాణ్ణి మనవాళ్లు 'పులిహోర కలుపుతున్నాడు' అంటారు. ఇక్కడి తమిళ పిల్లలు వాణ్ణే 'కడలై పోడుతున్నాడు' అంటారు. కడలై అంటే వేరుశనగలు. రెండు భాషల నవ్వూ వంటింట్లోనే పుట్టింది చూడు! మాటిచ్చి తప్పిన వాడు మనకు 'హ్యాండ్ ఇచ్చాడు', వాళ్లకు 'అల్వా ఇచ్చాడు'. చెవిలో పువ్వు పెట్టడం మాత్రం రెండు చోట్లా ఒకటే. ఈ మాటలన్నీ మనిషి చేసే పనిని చూసి నవ్వుతాయి. ఆ పని మానేస్తే నవ్వూ ఆగిపోతుంది.

'గుల్టి', 'అరవ' అలాంటివి కావు. 'తెలుగు'ను తిరగేస్తే గుల్టి వచ్చిందంటారు. 'అరవ'కు పాత చరిత్రే ఉంది. అరువనాడు అనే తమిళసీమ పేరు నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. పక్క సీమ పేరుతో భాషనంతా పిలిచాం, అంతే. వాళ్లూ మనల్ని 'వడుగర్' అన్నారు, అంటే ఉత్తరాది వాళ్లని. అందులో తిట్టేమీ లేదు. 'అరవ అంటే అరుపులు' అని తర్వాత మనవాళ్లు వెటకారం అతికించాకే ఆ మాట చేదెక్కింది. పులిహోర కలపడం మానుకోవచ్చు గానీ, పుట్టిన భాషను ఎవరు మానుకోగలరు?

మీ తమ్ముడు నవ్వుతూ వాడే 'నిబ్బా' కూడా అంతే. అమెరికాలో నల్లజాతి వారిని తరతరాలుగా కించపరిచిన తిట్టులో అక్షరాలు మార్చగా పుట్టిన మాట అది. తెలియక అన్నవాణ్ణి నేను తప్పు పట్టను. తెలిశాక మానుకోవాలని మాత్రం వాడికి చెప్పు.

నేనూ ఈ తప్పు చేశాను. 1984లో యానాం నుంచి వచ్చి ఇక్కడి పారిశ్రామికవాడలో పనికి చేరాను. పక్కింట్లో రోజూ సందడే. ఓ సాయంత్రం వాకిట్లో నిలబడి మీ అమ్మమ్మతో "ఈ అరవ గోల భరించలేం" అన్నాను. వాళ్లకు తెలుగు రాదనుకున్నాను. పొంగల్ నాడు ఆ ఇంటి ఇల్లాలు గిన్నె పట్టుకొచ్చి, "అన్నా, అరవ పొంగలి. తినండి" అంది, చక్కటి తెలుగులో. ఆమె ముఖంలో కోపం లేదు. నా గొంతులో మాత్రం ముద్ద దిగలేదు. మర్నాడు వెళ్లి క్షమించమన్నాను. ఇప్పటికీ మా రెండిళ్ల మధ్య గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి.

మా పేట పేరు చూడు, తట్టాంచావడి. తమిళంలో తట్టాన్ అంటే కంసాలి. చావడి మన ఊళ్లలోనూ ఉన్నదే, నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు. నోటికి సరదా మాట వచ్చినప్పుడల్లా ఇలా ఆలోచించు: ఆ మాట ఎవరి మీదో, ఆ మనిషి చావడిలో ఎదురుగా కూర్చుని ఉంటే అనగలనా? ఆ మనిషీ మనతో కలిసి నవ్వుతాడా? నవ్వుతాడనిపిస్తే హాయిగా అను. లేదనిపిస్తే మింగెయ్.

రేపు ముందు నువ్వే వాళ్ల దగ్గరికి వెళ్లు. 'అరవ బ్యాచ్' అన్నందుకు క్షమించమను. ఆ తర్వాత, 'గుల్టి' అంటే నీకు నొప్పిగా ఉందని మెల్లగా చెప్పు. నొప్పిని దాచుకోవడం మర్యాద కాదు తల్లీ, తిరిగి నొప్పించకపోవడం మర్యాద.

పండక్కి వాళ్లనూ వెంటబెట్టుకురా. అమ్మమ్మ అసలు పులిహోర కలుపుతుంది. పక్కింటి నుంచి పొంగలి ఎలాగూ వస్తుంది.

నీ మేలు కోరే
తాతయ్య