ఉద్యోగానికి తిరిగిన నరేంద్రుడు

1884 వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం. కలకత్తా మైదానంలో ఆక్టర్‌లోనీ స్తంభం నీడలో ఒక యువకుడు కూలబడ్డాడు. కాళ్లకు చెప్పులు లేవు. అరికాళ్లు బొబ్బలెక్కాయి. దరఖాస్తు చేతపట్టుకుని ఖాళీ కడుపుతో ఆఫీసు మెట్లు ఎక్కి దిగడం అతనికి కొన్నాళ్లుగా నిత్యకృత్యం. పక్కనున్న మిత్రుడు ఊరడించబోయి దేవుడి దయ మీద ఒక పాట ఎత్తుకున్నాడు. యువకుడు భగ్గుమన్నాడు. అమ్మ, తమ్ముళ్లు ఆకలితో ఉండటం ఎలా ఉంటుందో ఎరగనివాళ్లకు ఆ పాట కమ్మగానే ఉంటుందనీ, ఒకప్పుడు తనకూ అలాగే ఉండేదనీ, ఇప్పుడది వెక్కిరింతలా వినిపిస్తోందనీ అనేశాడు.

అతని పేరు నరేంద్రనాథ్ దత్తా. తొమ్మిదేళ్ల తర్వాత చికాగో సభలో మాట్లాడిన వివేకానందుడు ఆయనే.

వివేకానందుడంటే మనకు తలపాగా, చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ ఠీవి గుర్తొస్తాయి. కాలేజీ గోడల మీద ఉండే బొమ్మ అదే. డిగ్రీ చేతికొచ్చాక పని దొరక్క వీధులు కొలిచిన నరేంద్రుడు మాత్రం ఏ గోడ మీదా కనిపించడు. కానీ ఇవాళ ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడికీ, అమ్మాయికీ దగ్గరి బంధువు ఆ నరేంద్రుడే.

1884 మొదట్లోనే ఆయన బి.ఏ. పూర్తిచేశాడు. చదివింది జనరల్ అసెంబ్లీస్ ఇన్‌స్టిట్యూషన్‌లో, ఇప్పుడది స్కాటిష్ చర్చ్ కాలేజీ. తండ్రి విశ్వనాథ దత్తా హైకోర్టు అటార్నీ. బాగా సంపాదించాడు, అంతకు మించి ఖర్చుపెట్టాడు. ఫిబ్రవరిలో ఆయన హఠాత్తుగా పోయేసరికి ఇంట్లో మిగిలింది అప్పు. దాయాదులు ఇంటి కోసం కోర్టుకెక్కారు. మైల తీరకముందే నరేంద్రుడు పని కోసం బయల్దేరాల్సి వచ్చింది. ఈ రోజుల సంగతి ఆయనే స్వయంగా చెప్పగా, తనలాగే రామకృష్ణుల శిష్యుడైన శారదానంద స్వామి 'శ్రీశ్రీరామకృష్ణ లీలాప్రసంగ'లో రాసిపెట్టారు. ఇంట్లో అందరికీ సరిపడా బియ్యం లేవని తెలిసిన రోజున, తనను ఎవరో భోజనానికి పిలిచారని తల్లి భువనేశ్వరీదేవికి అబద్ధం చెప్పి వెళ్లిపోయేవాడట. వీధిలో పస్తుండేవాడు. ఆయన జీవితంలో ఇంతకంటే గుండె పిండే ఘట్టం మరొకటి లేదు.

దేవుడి మీద కోపం వచ్చింది. దేవుడు లేడనీ, ఉన్నా పిలిచి లాభం లేదనీ నోరు తెరిచి అన్నాడు. ఊరు ఊరుకుంటుందా? చెడు తిరుగుళ్లు పట్టాడని పుకారు పుట్టించింది. దక్షిణేశ్వరంలో ఉన్న గురువు రామకృష్ణ పరమహంస మాత్రం ఆ మాటలు మోసుకొచ్చినవాళ్లను కసిరి పంపారు. వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం, రోజంతా పస్తుండి, వానలో తడిసి, అడుగు తీసి అడుగు వేయలేక ఎవరి ఇంటి అరుగు మీదనో పడిపోయాడు. అక్కడ మనసులోని చిక్కుముళ్లు ఒక్కొక్కటీ విడిపోయాయని, లేచేసరికి ఒంట్లో అలసటే లేదని చెప్పుకున్నాడు. అప్పటికీ ఉద్యోగం మాత్రం రాలేదు.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసినదే. తన ఇంటివాళ్ల కోసం అమ్మవారిని అడగమని నరేంద్రుడు గురువు దగ్గర పట్టుబట్టాడు. నువ్వే వెళ్లి అడుగు అన్నారాయన. కాళికాలయంలోకి మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ జ్ఞానం, భక్తి, వైరాగ్యం కోరి, డబ్బు మాట అడగకుండానే తిరిగొచ్చాడు. ఉపన్యాసకులు ఇక్కడ ఆగి, చూశారా ఆయన త్యాగం అంటారు. అలా ఆపడం అన్యాయం. నరేంద్రుడు అక్కడ ఆగలేదు. నేను అడగలేకపోయాను, మా వాళ్ల తిండి సంగతి మీరే చూడాలని మళ్లీ గురువును పట్టుకున్నాడు. ముతక బియ్యానికి, ముతక బట్టకు లోటుండదన్న మాట తీసుకున్నాకే కదిలాడు. అంటే ఆకలి ఆధ్యాత్మికతకు అడ్డమని శిష్యుడూ అనుకోలేదు, గురువూ అనలేదు. దేవుణ్ని ఉద్యోగం అడగడం చిన్నతనం కాదా అని మథనపడే పిల్లలకు ఈ చివరి ముక్క కూడా చెప్పాలి.

ఆ మాట ఆకాశం నుంచి ఊడిపడి నెరవేరలేదు. నరేంద్రుడు ఒక అటార్నీ ఆఫీసులో పనిచేశాడు, కొన్ని పుస్తకాలు అనువదించాడు, ఈశ్వరచంద్ర విద్యాసాగర్ నడిపిన మెట్రోపాలిటన్ బడిలో కొన్నాళ్లు పాఠాలు చెప్పాడు. అవేవీ నిలకడైన పనులు కావు. చాలా ఏళ్ల తర్వాత ఖేత్రీ రాజు అజిత్ సింగ్ నెలనెలా పంపిన వంద రూపాయలు ఆ ఇంటికి ఆసరా అయ్యాయి. సన్యాసి అయ్యాక కూడా వివేకానందుడు తల్లి జరుగుబాటు గురించి ఆ రాజుకు ఉత్తరాలు రాశాడు.

ఇక్కడ మన తెలుగు మాట ఒకటి తరచి చూడాలి. సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం. మహాభారతంలో ఉద్యోగపర్వం జీతాల సంగతి కాదు, పూనిక సంగతి. 'ఉద్యోగం పురుష లక్షణం' అన్న సామెతకూ మొదటి అర్థం అదే. బెంగాలీలో 'ఉద్యోగ్' అంటే ఇప్పటికీ పూనికే. జీతమిచ్చే కొలువు 'చాక్రి'. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో రెండు భాషలూ మాట్లాడే తెలుగువాళ్లకు ఈ తేడా తెలిసే ఉంటుంది. మనం ప్రయత్నానికి ఉన్న పేరు తీసి కొలువుకు పెట్టుకున్నాం. దాంతో కొలువు లేనివాడు నిరుద్యోగి అయ్యాడు, అక్షరాలా చూస్తే ప్రయత్నం లేనివాడని. రోజుకు పది చోట్లకు దరఖాస్తు పంపే మనిషికి ఇంతకంటే తప్పు పేరు ఉండదు.

గీత చెప్పే నిష్కామ కర్మను కూడా ఇలాగే సగం వాడుతున్నారు. రెండో అధ్యాయం 47వ శ్లోకంలో నాలుగు పాదాలున్నాయి. పని మీదే అధికారం, ఫలం మీద లేదు అన్న మొదటి రెండూ అందరికీ కంఠస్థం. పని మానేయడం మీద మమకారం పెంచుకోకు అనే నాలుగో పాదం ఎవరూ చెప్పరు. ఇరవయ్యోసారి తిరస్కారం వచ్చిన రోజున కావలసింది ఆ నాలుగోదే. పద్దెనిమిదో అధ్యాయం ఇంకా ముందుకెళ్తుంది. ఏ పని నెరవేరాలన్నా ఐదు కారణాలంటుంది: ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. చేసేవాడు ఐదింటిలో ఒకడు. అంతా తానే చేస్తున్నానని చూసేవాడు సరిగ్గా చూడటం లేదని కూడా వెంటనే చెబుతుంది. ఈ మాట సాధారణంగా గెలిచినవాడి అహంకారం మీద ప్రయోగిస్తారు. ఓడినవాడి ఆత్మనిందకు కూడా అది అంతే వర్తిస్తుంది. ఇంటర్వ్యూ పోయిందంటే నేను పనికిరానివాణ్నని తీర్మానించుకోవడం, మిగతా నాలుగు కారణాలనూ తన నెత్తినే వేసుకోవడమే.

1921లో కలకత్తా విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర పీఠానికి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్, 1926లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసాల్లో కర్మను పేకాటతో పోల్చారు. ముక్కలు పంచేది మనం కాదు, ఆడేది మనం. పోలిక బాగుంది. కానీ పంచేవాడే మోసం చేస్తే?

ఈ ప్రశ్న కలకత్తా మైదానంలోనే లేచింది. నరేంద్రుడు కూర్చున్న స్తంభాన్ని 1969 నుంచి షహీద్ మినార్ అంటున్నారు. అదే మైదానంలో, మేయో రోడ్డు గాంధీ విగ్రహం దగ్గర, 2016 పాఠశాల ఉపాధ్యాయ నియామక పరీక్ష రాసి ఉద్యోగం రానివాళ్లు దీక్షకు కూర్చున్నారు. 2023 డిసెంబరులో దీక్ష వెయ్యో రోజున ఒక అభ్యర్థిని అక్కడే తల గుండు చేయించుకుంది. ఆ ఏడాది ఉపాధ్యాయ, ఇతర సిబ్బంది నియామకాల్లో 24,640 ఖాళీలకు 23 లక్షల మందికి పైగా పరీక్ష రాశారు. ప్రక్రియ మొత్తం కలుషితమైందని తేల్చి, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు 25,753 నియామకాలను రద్దుచేసింది. మోసం చేసినవాళ్లతో పాటు నిజాయితీగా గెలిచినవాళ్ల ఉద్యోగాలూ పోయాయి; నిజాయితీగా గెలిచినవాళ్లు మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది. సెప్టెంబరులో కొత్త పరీక్ష జరిగింది.

ఆ దీక్షాశిబిరానికి వెళ్లి ఫలం ఆశించకండి అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఫలాపేక్ష వదలమన్న మాట పని చేసేవాడు తనకు తాను చెప్పుకోవాల్సింది. ఫలాన్ని దొంగిలించినవాడికి అది కవచం కాకూడదు. ఆ గీతను చెప్పిన కృష్ణుడే ఉద్యోగపర్వంలో హస్తినకు రాయబారం వెళ్లాడు. పని జరగకపోవచ్చని తెలిసే వెళ్లాడు. ధర్మమైన పనికి శక్తికొద్దీ ప్రయత్నించినవాడికి, అది నెరవేరకపోయినా పుణ్యం దక్కుతుందని విదురుడితో అన్నాడు. రాయబారం విఫలమైంది. అయినా పాండవుల వాటా న్యాయమైనది కాదని ఆయన ఎక్కడా అనలేదు, అడగడం మానుకోమనీ చెప్పలేదు. మేయో రోడ్డు మీద వెయ్యి రోజులు కూర్చోవడం కూడా ఉద్యోగమే, ఆ మాటకున్న పాత అర్థంలో.

ఇంట్లో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలున్న పెద్దలకు ఒక విన్నపం. బయట తినేశానని వాళ్లు చెబితే వెంటనే నమ్మేయకండి. ఏమైందని అడిగే ముందు కంచం పెట్టి, పక్కన కూర్చోండి.