ఈశ్వరుడు లేని సంకేతం

బండిలోని కంప్యూటర్లు తమలో తాము మాట్లాడుకునే తీగ మీద 130 అనే సంఖ్య కనబడిందనుకుందాం. అది కూలెంట్ ఉష్ణోగ్రతకు సంబంధించినదైతే 90 డిగ్రీల సెల్సియస్ అని అర్థం. భారీ వాహనాల్లో వాడే ఎస్‌ఏఈ జె1939 ప్రమాణం ప్రకారం ఆ సంఖ్యలోంచి 40 తీసెయ్యాలి. యాక్సిలరేటర్ పెడల్‌కు సంబంధించినదైతే, 130ని 0.4తో హెచ్చవేసి, డ్రైవరు పెడల్‌ను 52 శాతం తొక్కాడని చదువుకోవాలి. మెకానిక్ లోపాలు చదివే ఓబీడీ పరికరం తగిలించి కారును వేగం ఎంతని అడిగినప్పుడు వచ్చిన జవాబైతే గంటకు 130 కిలోమీటర్లు. సంఖ్యను ఎంత తరచి చూసినా ఈ మూడింటిలో తాను ఏదో అది చెప్పదు. 1986లో బాష్ కంపెనీ ఇలాంటి తీగల కోసం పరిచయం చేసిన క్యాన్ బస్‌లో ఒక్కో సందేశం ఒక గుర్తింపు సంఖ్యనూ, ఎనిమిది బైట్ల వరకు సమాచారాన్నీ మోస్తుంది, అర్థాన్ని మోయదు. ఏ బైటు దేన్ని చెబుతుందో, ఏ కొలతలో చెబుతుందో, ఎంతతో హెచ్చవేసి ఎంత తీసెయ్యాలో వేరే ఫైల్లో రాసి ఉంటుంది. ఒక్క బండికైతే దాని తయారీదారు రాసుకున్న ఫైలు చాలు. వేర్వేరు కంపెనీల బండ్లు వేల సంఖ్యలో ఒకే సర్వరుకు కబురు పంపుతున్నప్పుడు మాత్రం అన్నిటికీ చెల్లే ఉమ్మడి నిర్వచనం కావాలి. ఆ నిర్వచనానికి అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? ఇంజనీర్ల పనిలా కనిపించే ఈ ప్రశ్న మీద మన దర్శనాలు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్నాయి.

శబ్దానికీ అర్థానికీ మధ్య ఉన్న బంధం ఎవరూ కల్పించినది కాదని మీమాంసకుల మాట. జైమిని సూత్రం దాన్ని సహజమన్నది; శబరుడు, కుమారిలుడు దాన్ని సమర్థించారు. ఒక మనిషి కల్పించిన బంధమైతే ఆ మనిషి దోషాలు దానికీ అంటుకుంటాయి, అప్పుడు వేదవాక్యాన్ని నమ్మడానికి ఆధారం ఉండదన్నది వారి బెంగ. న్యాయదర్శనం వారు, అంటే నైయాయికులు, దీన్ని ఒప్పుకోలేదు. ఈ పదం నుంచి ఈ అర్థం తెలియాలి అనే సంకేతం వల్లనే పదానికి శక్తి వస్తుందన్నారు. ఆ సంకేతం ఈశ్వరుడిదని పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో నిర్వచించాడు. న్యాయంలోనే నవ్యులనే కొత్త శాఖవారు ఇంకొక అడుగు వేసి, ఈశ్వరేచ్ఛే కానక్కర్లేదు, ఇచ్ఛ ఉంటే చాలు, మనుషులు పెట్టుకున్న పేర్లకూ శక్తి ఉంటుందన్నారు. యంత్రాల విషయంలో ఈ తగవు న్యాయం పక్షాన తేలిపోయినట్టే కనిపిస్తుంది: 130కి సహజమైన అర్థం లేదు, కమిటీ పెట్టినదే అర్థం. నా వాదం ఏమిటంటే, ఇది సగం తీర్పే. యంత్రాల సంకేతం పుట్టుకలో న్యాయాన్ని అనుసరిస్తుంది; అది నిలబడాలంటే నడతలో మీమాంసను అనుసరించక తప్పదు. పేరు పెట్టేది మనుషులే, కానీ పెట్టిన తర్వాత ఆ పేరుకూ అర్థానికీ మధ్య బంధం ఎవరి చేతిలోనూ లేనట్టు ప్రవర్తించాలి.

ముందు పుట్టుక సంగతి. సంకేతం అక్కర్లేనంత స్పష్టమైన విషయం వేగమేనని ఎవరైనా అనుకోవచ్చు. బండి ఎంత జోరుగా పోతోందో అంతే కదా. నిజానికి ఒకే బండికి ఒకే క్షణంలో కనీసం మూడు వేగాలుంటాయి. చక్రం తిరుగుడును బట్టి లెక్కకట్టేది ఒకటి. టైరు అరిగిన కొద్దీ చుట్టుకొలత తగ్గి, ఈ లెక్క అసలు వేగం కంటే ఎక్కువ చూపుతుంది. డ్రైవరు ముందున్న స్పీడోమీటరు చూపేది ఇంకొకటి. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం అది అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. అందులో పదో వంతు, దాని మీద మరో 4 కిలోమీటర్ల వరకు ఎక్కువ చూపవచ్చు. అంటే 80లో పోతున్న బండి 92 చూపినా చట్టం ఒప్పుకుంటుంది. మన దేశంలో ప్రజారవాణా వాహనాలకు ఏఐఎస్-140 ప్రమాణం కింద అమర్చే ట్రాకింగ్ పరికరం ఉపగ్రహాల సాయంతో కనుక్కునేది మూడోది. వీటిలో ఏదీ అబద్ధం కాదు. వస్తువు వైపు చూసినంత మాత్రాన వేగం అనే పేరు దేనికి చెల్లాలో తేలదు; ఎవరో ఒకరు నిర్ణయించాలి. జె1939 అందుకే 84 అనే సంఖ్యను చక్రాల ఆధారంగా లెక్కించే వేగానికే కేటాయించింది. కొవీసా సంస్థ నడిపే వి.ఎస్.ఎస్. అనే వాహన సిగ్నళ్ల నిర్వచనం, కొమ్మలు రెమ్మలుగా పేర్లను అమర్చి, ప్రతి పేరుకూ రకం, కొలత, వివరణ జతచేస్తుంది. కొలిచి చెప్పే సెన్సరు సిగ్నల్‌ను, ఆజ్ఞ అందుకునే యాక్చుయేటరును, మారని లక్షణాన్ని వేరువేరుగా గుర్తిస్తుంది. ఇదంతా మనుషుల ఇచ్ఛ. నవ్యన్యాయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అయితే ఇచ్ఛ ఒక్కటే చాలదనడానికి 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర నాశనమైన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ సాక్ష్యం. థ్రస్టర్ల ప్రభావాన్ని లెక్కించే భూమి మీది సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఫలితాలిచ్చింది. మార్గాన్ని లెక్కకట్టేవారు వాటిని న్యూటన్ సెకన్లుగా తీసుకున్నారు. రెండింటికీ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. గమనించాల్సింది ఏమిటంటే, న్యూటన్ సెకన్లే వాడాలని రాతపూర్వకమైన నిర్వచనం అప్పటికే ఉంది. సంకేతం ఉంది, దానికి కట్టుబడటం లేదు. త్వష్ట ఇంద్రుణ్ణి చంపే కొడుకు కోసం హోమం చేస్తూ స్వరం తప్పాడనీ, అక్షరాలు మారకుండానే అర్థం తిరగబడి ఆ కొడుకే ఇంద్రుడి చేతిలో చచ్చాడనీ చెప్పే వృత్రుడి కథ ఇదే ప్రమాదాన్ని చెబుతుంది. ఈశ్వర సంకేతానికి ఇలాంటి చిక్కు లేదు. ఈశ్వరుడికి న్యాయం చెప్పే గుణాల్లో రెండు ఇక్కడ పనికొస్తాయి: అతనికి అన్నీ తెలుసు, అతని ఇచ్ఛ మారదు. అన్నీ తెలుసు గనుక నిర్వచనంలో ఖాళీ ఉండదు. మారదు గనుక నిన్నటి మాటకు నేడు వేరే అర్థం రాదు. కమిటీకి ఈ రెండు గుణాలూ లేవు. ఈశ్వరుణ్ణి తీసేసి ఇచ్ఛను మాత్రం ఉంచుకున్న నవ్యులు ఈ లోటును ఎలా పూడుస్తారన్నదే అసలు ప్రశ్న.

సర్వరుకు చేరిన అంకెను నమ్మడం ఏ రకమైన జ్ఞానమో కూడా చూడాలి. సర్వరు బండిని చూడలేదు గనుక అది ప్రత్యక్షం కాదు. చెప్పిన మాటను నమ్మడమే, అంటే శబ్దప్రమాణమే. న్యాయం దీనికి ఆప్తుణ్ణి అడుగుతుంది: విషయం ఉన్నది ఉన్నట్టు తెలిసినవాడు, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడు ఆప్తుడు. సెన్సరుకు తెలియడం ఏదో ఒక అర్థంలో ఉందనుకున్నా, చెప్పాలన్న కోరిక లేదు. అబద్ధమాడదు, నిజమాడాలనీ అనుకోదు. కాబట్టి ఆప్తత్వం యంత్రంలో వెతికితే దొరకదు. ఆ అంకె ఫలానా అర్థంలోనే వస్తుందని మాట ఇచ్చినవారిలో వెతకాలి. సిగ్నల్ నిర్వచనం ఒక వర్ణనలా కనిపిస్తుంది గానీ, పని చేసేటప్పుడు అది ఒడంబడిక. ఈ పేరుతో ఏది పంపినా ఈ కొలతలో, ఈ అర్థంలో, ఈ హద్దుల్లో పంపుతామని పంపేవారు ఒప్పుకోవడం అది.

ఒడంబడిక అనుకున్నాక మీమాంసకుల పట్టుదల అర్థమవుతుంది. బంధం ఎవరి ఇష్టాన్ని బట్టీ మారనిదైతేనే వాక్యాన్ని నమ్మవచ్చునన్నది వారి వాదంలో ప్రాణం. ఒక కంపెనీ వేగం అనే పేరు కింద ఇన్నాళ్లూ స్పీడోమీటరు చూపేది పంపి, ఒక సాఫ్ట్‌వేర్ మార్పుతో చక్రాల వేగం పంపడం మొదలుపెట్టిందనుకుందాం. అంకెలు నమ్మదగినట్టే వస్తాయి, ఏ హెచ్చరికా మోగదు. కానీ మార్పుకు ముందూ తర్వాతా వచ్చిన లెక్కలను పక్కపక్కన పెట్టి చూసేవారికి డ్రైవర్లంతా ఒక్కసారిగా నెమ్మదించినట్టు కనిపిస్తుంది. నేటి మార్పు నిన్నటి రికార్డును కూడా అబద్ధం చేసింది. అందుకే ఇలాంటి పట్టికలను శ్రద్ధగా నడిపేవారు పాటించే నియమం ఒకటుంది: పేరుకున్న అర్థాన్ని మార్చకూడదు, అర్థం మారితే కొత్త పేరు పెట్టాలి, పాత పేరును వాడుక నుంచి తప్పిస్తున్నట్టు గుర్తు పెట్టి, కొంతకాలం ఉంచి, ఆ తర్వాతే తీసెయ్యాలి. వి.ఎస్.ఎస్.లో ఇలా గుర్తు పెట్టే వీలుంది. ఇది నిత్యత్వం కాదు, నిత్యత్వాన్ని వ్రతంగా పట్టడం.

నిర్వచనంలో ఖాళీ ఉండకూడదన్న రెండో అవసరానికి జె1939లోనే చక్కని దృష్టాంతం ఉంది. ఒక బైటులో 0 నుంచి 255 వరకు విలువలు పడతాయి. ప్రమాణం 250 వరకే కొలతకు ఇచ్చి, 254ను లోపం ఉందనడానికీ, 255ను సమాచారం లేదనడానికీ కేటాయించింది. ఈ సంగతి తెలియని ప్రోగ్రాము కూలెంట్ ఉష్ణోగ్రతగా వచ్చిన 255లోంచి 40 తీసేసి, ఇంజన్ 215 డిగ్రీల దగ్గర కాలిపోతోందని చెబుతుంది. ఆ 255ను తెలివిగా సున్నాగా మార్చి నిల్వ చేసే ప్రోగ్రాము వేల బండ్ల సగటును నిశ్శబ్దంగా కిందికి లాగుతుంది. రెండో తప్పే ఎక్కువ చెరుపు చేస్తుంది, ఎందుకంటే అది తప్పులా కనిపించదు. అన్నంభట్టు అభావాన్ని ఏడో పదార్థంగా లెక్కపెట్టి నాలుగు రకాలుగా విడదీయడాన్ని వెంట్రుకలు చీల్చడంగా ఎగతాళి చేసినవారున్నారు. కుమారిలుడి బాటలో నడిచిన భాట్ట మీమాంసకులు మరీ సూక్ష్మంగా, ఉంటే తప్పక కనబడాల్సినది కనబడనప్పుడే అది లేదని చెప్పే హక్కు వస్తుందన్నారు. పనిచేస్తున్న సెన్సరు సున్నా చెప్పడం వేరు, సెన్సరు చెడిపోవడం వేరు, అసలు అమర్చకపోవడం వేరు. మొదటిది కొలత, మిగతా రెండూ మౌనాలు, అవీ ఒకటి కావు. లేకపోవడంలోని తేడాలను చెప్పలేని నిర్వచనం ఉన్నదాన్ని కూడా నమ్మదగినట్టుగా చెప్పలేదు.

నా వాదానికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది మీమాంసకుల అమ్ములపొదిలోంచే వస్తుంది. పిల్లవాడు నిఘంటువు చదివి మాట నేర్చుకోడు. ఒక పెద్దాయన ఆవును తెమ్మంటే ఇంకొకాయన తేవడం, కట్టెయ్యమంటే కట్టెయ్యడం చూసి ఏ మాటకు ఏ అర్థమో తేల్చుకుంటాడు. యంత్రాలకూ అదే చాలదా? క్యాన్ బస్ మీద పారే బైట్లను గమనించి, బ్రేకు వేసినప్పుడు ఏది తగ్గిందో చూసి, ఏది వేగమో గణితంతో ఊహించవచ్చు. అలా ఊహించే పద్ధతులు ఉన్నాయి కూడా. అప్పుడు కమిటీలూ పట్టికలూ దేనికి? వాడుకను బట్టి అర్థం కనుక్కోవచ్చు, నిజమే. కానీ అలా కనుక్కున్నది ఇప్పటిదాకా జరిగినదాన్ని చెబుతుంది. రేపు కూడా అలాగే జరుగుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. పైగా చక్రాల వేగమూ స్పీడోమీటరు వేగమూ చాలాసార్లు కలిసి పెరిగి కలిసి తగ్గుతాయి. వాటి తేడా బయటపడేది ఎవరు ఎంత జోరుగా నడిపారని ప్రమాదం తర్వాత కోర్టు అడిగినప్పుడే. పిల్లవాడి విషయంలోనూ చుట్టూ ఉన్న పెద్దలు మాటకు కట్టుబడి ఉన్నారు గనుకనే ఆ నేర్చుకోవడం ఫలించింది. వాడుక అర్థాన్ని చూపుతుంది, దానికి పూచీ పడదు.

రెండో అభ్యంతరం బౌద్ధుల వైపు నుంచి. దిఙ్నాగుడి అపోహవాదం ప్రకారం లోకంలో ఉన్నవి వేటికవే వేరైన వ్యక్తులు. పదం చేసేది తక్కినవాటిని తోసివేయడమే, అన్నిటిలో ఉన్న సామాన్యమంటూ ఏదీ లేదు. ప్రతి బండీ ప్రత్యేకమైనప్పుడు ఉమ్మడి పేరు వాటి తేడాలను చెరిపేయదా? ఎలక్ట్రిక్ బస్సు వచ్చినప్పుడు ఈ అనుమానం కళ్లకు కడుతుంది. దానికి ఇంజన్ లేదు. జె1939లో 190వ సంఖ్య ఇంజన్ వేగానిది. పాత సర్వరు ఆ గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదని అందులో మోటారు వేగం నింపాలన్న ఆశ పుడుతుంది. నింపితే ఉమ్మడి పేరు నిజంగానే అబద్ధమైపోతుంది. అయితే ఈ దృష్టాంతం బౌద్ధుల హెచ్చరికను ఒప్పుకుంటూనే వారి ముగింపును కాదంటుంది. ఏది ఈ పేరు కిందికి రాదో చెప్పడమే మంచి నిర్వచనం చేసే పని. ఇంజన్ లేని బండి ఆ గడిలో సమాచారం లేదనే చెప్పాలి, మోటారుకు వేరే పేరు ఉండాలి. పాత బంధాలు కదలకపోవడం కొత్త పేర్లకు అడ్డు కాదు. పాతవి కదలవన్న ధీమాతోనే వాటి పక్కన కొత్తవి చేర్చగలం.

మూడో అభ్యంతరం అధికారానిది. పేరు పెట్టేవాడికే పెత్తనం దక్కుతుంది. నిర్వచనాలను దాచుకున్న తయారీదారు బండి కొన్నవాడిని తన గుమ్మం దాటనివ్వడు. ఈ భయం ఊహ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2020లో ఓటర్లు బండ్లు పంపే సమాచారం యజమానులకూ, బయటి మెకానిక్‌లకూ అందేలా ఉమ్మడి వేదిక ఉండాలన్న చట్టాన్ని ఆమోదిస్తే, కార్ల తయారీదారులు కోర్టుకెక్కారు. దీనికి జవాబు నిర్వచనాలను వదిలేయడం కాదు, బయట పెట్టడం. వేదానికి కర్త లేడు గనుక కర్తృదోషం లేదన్నారు మీమాంసకులు. మనుషులు చేసిన పట్టికకు ఆ వీలు లేదు. దోషాన్ని ఎవరైనా చూసి చూపించగలిగేలా తెరిచి ఉంచడమే మనకు చేతనయ్యే అపౌరుషేయత్వం. తెరిచి ఉంచిన తర్వాత దోషం బయటపడుతుంది, అప్పుడు దాన్ని పాత పేరులో చడీచప్పుడు లేకుండా సవరించకుండా కొత్త పేరుతో ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆస్తికుడు దీనికి నొచ్చుకోనక్కర్లేదు, నాస్తికుడు గెలిచానని పొంగిపోనూ అక్కర్లేదు. సంకేతానికి ఈశ్వరుడిలో వెతుక్కున్న రెండు గుణాల్లో సర్వజ్ఞత ఏ కమిటీకీ రాదు; అందుకే తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి నిర్వచనంలోనే చోటు ఉంచాలి. మాట మార్చకపోవడం మాత్రం మనుషులకు సాధ్యమే. కాకపోతే అది స్వభావంగా రాదు, పేరు పెట్టినవారే అందరికంటే ముందు ఆ పేరుకు లోబడితే వస్తుంది.