ఓడినవాళ్లకే మొక్కు

మా నాయనకు డాక్టరు రోజుకు ముప్పావు లీటరు నీళ్లు రాసిచ్చాడు. మందులు రాసినట్టే నీళ్లూ రాశాడు. మూత్రపిండాలు రెండూ చెడిపోయాక తాగిన నీరు బయటికి పోయే దారి లేక ఒంట్లోనే నిలిచిపోతుంది. కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లోకి చేరితే ఊపిరాడదు. వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషను ఆ నీటిని తోడేసేది. అమ్మ పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టేది. కాఫీ, మజ్జిగ, చారు, మాత్రలు మింగే నీళ్లు, అన్నీ ఆ లెక్కలోవే. మధ్యాహ్నం మూడింటికల్లా సీసా అడుగంటేది. నెల్లూరు ఎండల్లో అప్పట్నుంచి రాత్రి దాకా ఆయన ఒక ఐసుముక్క నాలుక కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. అది కరగకుండా ఎంతసేపు ఆపగలిగితే అంతసేపు ఆపాలని చూసేవాడు.

ఆ ఏడే నేను బారాషహీద్ దర్గాకు వెళ్లి ఆరోగ్య రొట్టె పట్టుకున్నాను.

నెల్లూరులో దర్గామిట్ట దగ్గర, స్వర్ణాల చెరువు ఒడ్డున పన్నెండు సమాధులున్నాయి. బారా అంటే పన్నెండు, షహీద్ అంటే అమరుడు. గండవరం దగ్గర జరిగిన యుద్ధంలో తలలు తెగిన పన్నెండుమంది వీరుల మొండేలను వాళ్ల గుర్రాలే ఈ చెరువుగట్టుకు మోసుకొచ్చాయని చెబుతారు. మొహర్రం రోజుల్లో ఇక్కడ రొట్టెల పండగ జరుగుతుంది. పోయినేడు మొక్కుకున్నది తీరినవాళ్లు ఇంట్లో చపాతీలు చేసుకొచ్చి చెరువులో దిగి వదులుతారు. కొత్తగా కోరిక ఉన్నవాళ్లు వాటిని పట్టుకుని తింటారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, చదువు రొట్టె, ఇంటి రొట్టె. ఇప్పుడు వీసా రొట్టె కూడా వచ్చింది. ఏ కోరిక తీరినవాళ్ల రొట్టె ఆ కోరిక ఉన్నవాళ్లే వెతుక్కుని పట్టుకోవాలి. అందుకని మోకాటిలోతు నీళ్లలో నిలబడి అందరూ కేకలేస్తుంటారు. తన బతుకులో లోటు ఏమిటో మనిషి అంత గట్టిగా, అంతమందిలో, సిగ్గుపడకుండా చెప్పుకునే చోటు నేను ఇంకెక్కడా చూడలేదు.

నేను "ఆరోగ్య రొట్టె" అని అరవలేకపోయాను. గొంతు పెగల్లేదు. నా మొహం చూసి ఒకామె తనే దగ్గరికొచ్చింది. "ఎవరికమ్మా?" అంది. "మా నాయనకు" అన్నాను. "మా ఆయనకు నయమైంది. పట్టుకో తల్లీ, మీ నాయనకూ అవుతుంది" అని చెరువునీళ్లు నా తలమీద చల్లి, రొట్టె నా చేతిలో పెట్టింది. ఆమె ఏ మతమో నాకు తెలియదు. చెరువులో దిగిన ఆడవాళ్లందరి తలల మీదా కొంగో చున్నీయో ఉంటుంది, పోల్చుకోలేం.

ఆ కొంగు చూస్తే నాకు మా అవ్వ గుర్తొస్తుంది. వేరే కులంవాళ్ల ఇంట్లో గుక్కెడు మంచినీళ్లు ముట్టని మనిషి ఆమె. మా చిన్నాన్నకు పిల్లలు లేరని ఇదే చెరువులో దిగి, ఎవరి పొయ్యి మీద కాలిందో తెలియని రొట్టెను కళ్లకద్దుకుని తినింది. ఇంటికొచ్చాక మళ్లీ తన చెంబు తనదే, తన మడి తనదే. చెరువు ఆమెను మార్చలేదు. కానీ ఆ ఒక్క పూట ఆమె కడుపులోని కోరిక ఆమె మడికంటే పెద్దదైంది. ఆ పూటను నేను తక్కువ చేసి చూడలేను.

రొట్టె పట్టుకున్నవాళ్లే తినాలంటారు. నేను సగం తిని సగం కొంగున కట్టుకొచ్చాను. నాయన ఆ ఎండిన చపాతీ ముక్కను చాలాసేపు నమిలాడు. గొంతు దిగలేదు. సీసా వైపు చూశాడు. రాత్రి మాత్రలకని దాచుకున్న గుక్క తాగి మింగాడు.

సంక్రాంతికి పది రోజుల ముందు ఆయన పోయాడు.

తీరని మొక్కును ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. తీరితే వెళ్లి రొట్టె వదలాలి, ఆ లెక్క అందరికీ తెలుసు. తీరనివాళ్లు మళ్లీ రారు, లేదా వేరే కోరికతో వస్తారు. అందుకే చెరువులో రొట్టె వదిలే చేతులన్నీ తీరిన చేతులే. తీరనివాటి లెక్క ఎక్కడా కనబడదు. నేను ఆ కనబడని లెక్కలో చేరాను. కోపం రాలేదని చెబితే అబద్ధం. ఒక రాత్రి మంచం మీద లేచి కూర్చుని, తలలు తెగి పడ్డవాళ్లు మా నాయనను ఎలా బతికిస్తారనుకున్నాను, తమనే కాపాడుకోలేనివాళ్లు కదా అనుకున్నాను.

ఆ మాట అనుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాట ఆ సమాధులకే కాదు, పండగకే తగులుతుంది. మొహర్రం అసలు గెలుపు పండగ కాదు. 680లో, హిజ్రీ 61వ ఏట, మొహర్రం పదో రోజున కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్‌ను, ఆయనతో ఉన్న డెబ్బై పైచిలుకు మందిని యజీద్ సైన్యం చంపేసింది. అంతకు మూడు రోజుల ముందే యూఫ్రటీస్ నదికి వెళ్లే దారి మూసేసింది. నది కళ్లెదురుగా ఉంది, గుక్కెడు నీళ్లు లేవు. గుడారాల్లో పిల్లలు దప్పికతో ఏడుస్తుంటే తమ్ముడు అబ్బాస్ తోలుతిత్తి పట్టుకుని నదికి వెళ్లాడని, తిత్తి నింపుకుని వస్తుండగా ఆయన రెండు చేతులూ నరికేశారని సంప్రదాయం చెబుతుంది. మన ఊళ్లలో పీర్ల చావిడి నుంచి లేచే పీరు మీద తెరిచిన అరచెయ్యి ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని దీవించే చెయ్యి అనుకునేదాన్ని. చాలామంది దాన్ని అబ్బాస్ చెయ్యిగా తలుచుకుంటారని తెలిశాక ఇంకోలా చూడలేకపోయాను.

అంటే నేను నీళ్లు దక్కని మనిషి కోసం, నీళ్లు దక్కకుండా చచ్చిపోయినవాళ్ల పేరు మీద, నీళ్లలో నిలబడి అడిగాను. అడిగేటప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు.

నాయన పోయాక వచ్చిన వేసవి మొదట్లో నా తోటి ఉద్యోగి ఒకామె శుభ శుక్రవారం ఆరాధనకు తీసుకెళ్లింది. పన్నెండింటి నుంచి మూడింటి దాకా జరిగింది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. అయిదో మాట దప్పిక గురించి. నీళ్లు ఇవ్వలేదు, చిరకలో ముంచిన స్పంజీ అందించారు. ముందు రాత్రి తోటలో ఆయన ఈ గిన్నె తన నుంచి తొలగించమని తండ్రిని అడిగాడు, తొలగలేదు. కింద నిలబడ్డవాళ్లు, ఇతరులను రక్షించినవాడు తనను తాను రక్షించుకోలేడని ఎగతాళి చేశారు. అది విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. మంచం మీద కూర్చుని నేను అనుకున్నది అదే మాట.

అప్పట్నుంచి చూస్తే ఈ నేలమీద ఎక్కడికెళ్లినా ఇదే కనబడుతోంది. మేడారం వెళ్లినప్పుడు జంపన్నవాగులో మునిగాను. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం కోయల మీదికి వచ్చిందని, ఓటమి భరించలేక సమ్మక్క కొడుకు జంపన్న ఆ వాగులో దూకాడని కథ. దెబ్బలు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచిపోయి మాయమైంది. వెతికినవాళ్లకు కుంకుమ భరిణె ఒక్కటే దొరికింది. అక్కడ విగ్రహం లేదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి లక్షలమంది వెళ్లి, మనిషెత్తు బెల్లం తూచి, దాన్ని బంగారమని పిలిచి సమర్పించేది ఓడిపోయిన తల్లీబిడ్డలకు. గెలిచిన కాకతీయులు కట్టిన గుళ్లు ఓరుగల్లులో, పాలంపేటలో ఉన్నాయి. గొప్పగా ఉన్నాయి, చూసి మురిసిపోతాం. కానీ బిడ్డకు జ్వరమొస్తే గణపతిదేవుడికి మొక్కుకున్నవాళ్లను నేనెరగను. పెనుగొండ వాసవీకన్యక రాజును జయించలేదు, అగ్నిలో దూకింది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ నిందలు మోసి అగ్నిలోకి వెళ్లింది. వాళ్లకే చీరలు, వాళ్లకే గాజులు, వాళ్లకే కన్నీళ్లు.

ఓడినవాళ్ల దగ్గరికే ఎందుకు పోతాం? గెలిచినవాడికి చెప్పుకుంటే అర్థం కాదేమోనన్న భయం ఒకటి ఉంటుందనుకుంటాను. దప్పికంటే ఏమిటో తెలిసినవాడికి దప్పిక గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నేను చెరువులో గొంతు పెగలక నిలబడ్డప్పుడు ఆ ముసుగు మనిషి దగ్గరికొచ్చింది కూడా అందుకే. తన భర్త మంచాన ఉన్నన్నాళ్లూ ఆమె మొహం నా మొహంలాగే ఉండి ఉంటుంది.

అడిగితే నీళ్లు దొరికిన కథ కూడా ఉంది, దాన్ని దాచను. ఎడారిలో పసిబిడ్డ ఇస్మాయిల్ దప్పికతో ఏడుస్తుంటే తల్లి హాజిరా సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు పరుగెత్తింది. అప్పుడు జమ్‌జమ్ ఊట పుట్టింది. మక్కా వెళ్లినవాళ్లు ఇవాళ్టికీ ఆ ఏడుసార్లు నడుస్తారు. జమ్‌జమ్ నీళ్లు తాగడంతో సరిపెట్టుకోరు, ఆమె ఏమీ దొరక్క పరుగెత్తిన దూరం కూడా తమ కాళ్లతో నడుస్తారు. ఏడో పరుగుదాకా ఆమెకు నీళ్లు దొరుకుతాయని తెలియదు. నా మనసు ఎప్పుడూ ఆ ఆరో పరుగు దగ్గరే ఆగుతుంది.

సమాధుల దగ్గర మొక్కుకోవడం తప్పని, అడగాల్సింది అల్లాను ఒక్కణ్నేనని గట్టిగా నమ్మే ముస్లింలు మా వీధిలోనే ఉన్నారు. నన్ను చర్చికి తీసుకెళ్లిన స్నేహితురాలు రొట్టె తినదు. వాళ్ల పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. దేవుడికీ మనిషికీ మధ్య ఎవరూ అడ్డు నిలవకూడదన్న ఆ నమ్మకంలో ఒక శుభ్రత ఉంది. నాకది చేతకాలేదు. నాకు మధ్యలో ఒక మనిషి చెయ్యి కావాల్సొచ్చింది.

చాంద్రమానం నెల కాబట్టి మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నాయన పోయాక అది జూలై మొదటివారంలోనే వచ్చింది, ఎండ ఇంకా తగ్గలేదు. ఇంట్లో పిండి కలపలేదు. నయం కానిదానికి నయమైందని రొట్టె వదిలితే పట్టుకున్నవాళ్లను మోసం చేసినట్టు. ఉత్తచేతులతో వెళ్లాను. నీళ్లలో దిగకుండా గట్టుమీదే నిలబడ్డాను. ఆమె కనబడుతుందేమోనని కాసేపు చూశాను. కనబడితే ఏం చెప్పాలో తెలియలేదు. తను వదిలిన రొట్టె నా దగ్గర ఆగిపోయిందని ఆమెకు తెలియకపోవడమే మంచిదనిపించింది.

దర్గా దారిలో కుర్రాళ్లు చలివేంద్రం పెట్టారు. కర్బలా దప్పికను తలుచుకుని మొహర్రంలో వచ్చేపోయేవాళ్లకు నీళ్లు, షర్బత్ పొయ్యడం ఆనవాయితీ. ఒక డ్రమ్ము నిండా నీళ్లు, అందులో పెద్ద ఐసుగడ్డ తేలుతోంది. నేను దాన్నే చూస్తూ నిలబడిపోయాను. పోసే పిల్లాడు అలిసిపోయి ఉన్నాడు. "నేను పోస్తానయ్యా కాసేపు" అంటే మగ్గు నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు.

ఒక పెద్దాయన వచ్చి గ్లాసు పట్టాడు. గటగటా తాగేసి మళ్లీ చాపాడు. పోశాను. మళ్లీ చాపాడు.