వాటా వెల - ప్రాణము వెల

మన త్యాగరాయనగరమున పానగల్ పార్కు చుట్టును బంగారము కొనువారు గీటురాయిని నమ్ముదురు. కంపెనీ వాటాలు కొనువారికిని ఒక గీటురాయి ఉండవలదా? అరుదైన వ్యాధులకు మందులు చేయు కంపెనీల విషయమున ఈ ప్రశ్న మరింత పదునెక్కును.

పసిపిల్లల కండరములను క్షీణింపజేయు ఎస్.ఎమ్.ఏ. అను వ్యాధికి రిస్డిప్లామ్ ఒక మందు. మన దేశమున స్విట్జర్లాండు కంపెనీ రోష్ దానిని సీసా సుమారు 6 లక్షల రూపాయలకు అమ్మినది. ఆ పేటెంటు చెల్లునా యను సందేహము ప్రథమదృష్ట్యా బలమైనదని తలచి ఢిల్లీ హైకోర్టు రోష్ కోరిన తాత్కాలిక నిషేధమును నిరాకరించెను. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టును జోక్యము చేసికొనలేదు. అంతట హైదరాబాదు కంపెనీ నాట్కో అదే మందును 15,900 రూపాయలకు విడుదల చేసెను.

రోగులు కొలదిమంది, పరిశోధన వ్యయము అపారము. పెట్టుబడి లేనిదే మందు పుట్టదు. కనుక లాభము పాపము కాదు. పేటెంటు కొంతకాలము ప్రతిభకు కూలి. ఆ కాలమును సాగదీసినచో అది తల్లిదండ్రుల నిస్సహాయతపై వేసిన పన్ను.

అందుచే వాటా కొనువాడు అడుగవలసిన దొక్కటే: ఈ హక్కు తీరిన మరునాడు కంపెనీ చేతిలో మరియొక మందు కలదా? కలదన్న, అది విద్యను నమ్ముకొన్నది. లేదన్న, వెల తగ్గి ఒక తల్లి ఊపిరి పీల్చుకొనిన దినమే వాటాదారునకు దుర్దినమగును. అట్టి సొమ్ము వివేకమునకును తగదు, ధర్మమునకును తగదు.