ఉషస్తి తాగని నీళ్ళు

రోగి ఒంట్లోకి మందు ఎక్కించే పంపుల సాఫ్ట్‌వేర్ మాది. ఎక్లిప్స్ అనే కోడింగ్ టూల్‌లో రాస్తాం. అక్కడ ప్రాజెక్టుకు ఒకసారి సెట్టింగ్ పెడితే కింద ఉన్న ఫోల్డర్లకూ ఫైళ్ళకూ అదే సంక్రమిస్తుంది. వార్నింగును కూడా ఎర్రర్‌గానే లెక్కించాలన్నది మా ప్రాజెక్టు కట్టుబాటు. దాని విషయంలో నేను మొండిదాన్ని.

చిక్కంతా ఒక్క ఫైలుతో వచ్చింది. చిప్పు తయారుచేసినవాళ్ళు ఇచ్చిన డ్రైవరు అది. మేం అందులో అక్షరం మార్చకూడదు, అదేమో వార్నింగులు కురిపిస్తుంది. బిల్డ్ ఆగింది. ప్రాజెక్టు మొత్తానికే ఆ నియమం తీసేద్దామన్నాడు టీములో కొత్తగా చేరిన కుర్రాడు. వద్దని, ఆ ఫైలు ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి వార్నింగును ఎర్రర్‌గా లెక్కించే ఆ ఒక్క టిక్కు తీసేయమన్నాను. "మేడమ్, ఇదీ నియమం తప్పడమే కదా?" అన్నాడు.

ఈ ప్రశ్న ఛాందోగ్యోపనిషత్తులో ఉంది. పైర్లు పాడైపోయిన కురుదేశంలో ఉషస్తి చాక్రాయణుడు ఆకలితో తిరుగుతూ, మినుములు తింటున్న ఒక మావటివాణ్ణి యాచిస్తాడు. ఉన్నవి ఇవే, ఎంగిలివి అంటాడతను. అవే ఇమ్మని తీసుకుంటాడు ఉషస్తి. నీళ్ళు కూడా ఇవ్వబోతే మాత్రం ఎంగిలి తాగనంటాడు. మినుములు మాత్రం ఎంగిలివి కావా అని మావటి నిలదీస్తాడు. అవి తినకపోతే బతకను, నీళ్ళంటావా, ఎక్కడైనా దొరుకుతాయి అన్నది ఉషస్తి జవాబు.

ఆ తాగని నీళ్ళ దగ్గరే నా మనసు ఆగిపోతుంది. మినుములతోనే ఆచారం పోయిందనుకుంటే నీళ్ళకు అడ్డేముంది? పోలేదు. ప్రాణం అడిగినంత మేరకే సడలింది, మిగతాదంతా పెద్దల నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. ప్రాణాపాయంలోనే ఏ అన్నమైనా తినవచ్చునన్న బ్రహ్మసూత్రానికి (3.4.28) శంకరులు ఆధారంగా చూపింది ఈ కథనే.

మా ప్రాజెక్టులో ఈ సెట్టింగులు దాచే డాట్ సి-ప్రాజెక్ట్ అనే ఫైలు తెరిచి కుర్రాడికి చూపించాను. ఆ డ్రైవరు పేరు మీద కొత్తగా చేరింది మార్చిన ఆ ఒక్క ఆప్షనే. మిగతా ఆప్షన్లకు ఆ నమోదు ఇప్పటికీ ప్రాజెక్టు కంపైలర్ సెట్టింగునే చూపిస్తోంది. రేపు ప్రాజెక్టులో ఆప్టిమైజేషన్ స్థాయి మారిస్తే ఈ ఫైలుకూ మారుతుంది. అతనన్నట్టు ప్రాజెక్టుకే టిక్కు తీసేసి ఉంటే, ఏ దోషమూ లేని ఫైళ్ళన్నీ కాపలా లేకుండా పోయేవి.

అయితే ఆ సి-ప్రాజెక్ట్ ఫైల్లో ఏం మారిందో ఉంటుంది, ఎందుకన్నది ఉండదు. మావటి అడగబట్టి ఉషస్తి కారణం చెప్పాడు, అది ఉపనిషత్తులో నిలిచింది. రేపు ఆ ఫైలు చూసేవాళ్ళకు మమ్మల్ని అడిగే వీలుండకపోవచ్చు కాబట్టి కమిట్ మెసేజ్‌లో కారణం రాయనిదే ఇలాంటి మార్పును నేను ఒప్పుకోను.

ఒక్కచోట మాత్రం ఉషస్తి తీర్పు మాకు అరువుకు రాదు. పోయేది తన ప్రాణం, కాబట్టి తానొక్కడే తేల్చుకున్నాడు. మేం టిక్కు తీస్తే ఆ ముప్పు మోయాల్సింది మంచం మీద పడుకున్న మనిషి, ఆ సంగతి తెలియని మనిషి. అందుకే ఆ సాయంత్రం ఇంకో ఇంజనీరును పిలిచి, ముగ్గురం కూర్చుని ఆ డ్రైవరు ఇచ్చే వార్నింగులు ఒక్కొక్కటే చదివాం.