దేనారము మీది ముఖము

ధ్యాన భాగము: మత్తయి 22:15–22



పన్నును గూర్చిన ప్రశ్నతో ప్రభువును చిక్కించుకొనవలెనని పరిసయ్యుల శిష్యులును హేరోదీయులును కూడి వచ్చిరి. ఇయ్యవలెననినచో జనులు ఆయనను రోయుదురు. ఇయ్యకూడదనినచో రోమా అధిపతికి అప్పగింపవచ్చును. అయితే ప్రభువు ఒక నాణెము చూపుమనెను. వెదకనక్కరలేకయే వారు దేనారమును తెచ్చిరి.

అది తిబెరి కైసరు నాణెమని పండితుల తలంపు. అతడు క్రీ.శ. 14 మొదలు 37 వరకు ఏలెను. ఆ వెండిబిళ్ల తూకము నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ. విలువ ఒక కూలివాని దినకూలి. ఒక ప్రక్క ఆకుల కిరీటము ధరించిన కైసరు తల, చుట్టును అతడు దైవమైన ఔగుస్తు కుమారుడని లాటిను భాషలో వ్రాత. రెండవ ప్రక్క రాజదండమును కొమ్మను పట్టి కూర్చున్న స్త్రీ బొమ్మ, అతడే ప్రధాన యాజకుడను బిరుదు. తన పెంపుడు తండ్రి ఔగుస్తు క్రీ.శ. 14లో చనిపోగా రోమా సభ అతనిని దేవతలలో చేర్చెను; ఆ గొప్పను తిబెరి ప్రతి కూలివాని చేతిలోను పెట్టెను.

ఆ నాణెమును చూచుచు నిలిచినవాడో, నిజమైన దేవుని కుమారుడు, మన ప్రధాన యాజకుడు! ఆయన తన ముఖమును ఏ లోహము మీదను ముద్రింపలేదు.

మరి దేవుని రూపము దేనిమీద నున్నది? ఆదికాండము 1:27 చదువుడి. అది నరుని మీద నున్నది. నాణెము కైసరుది గనుక కైసరునకు పోవలెను. నరుడు దేవునివాడు గనుక యావత్తును దేవునికి చెందవలెను. పన్ను కట్టుదము, ఆరాధనను, మనస్సాక్షిని ఏ అధికారికిని ఏ ధనికునికిని అమ్మకుందము.

కానుక సంచిలో రూపాయి వేసి ఋణము తీరినదనుకొనువారు కలరు. కోతలనాడు కూలివాని కూలి బిగబట్టి, ఆ సొమ్ములో దశమభాగము తెచ్చినచో దేవుడు అంగీకరించునా? యాకోబు 5:4 చూడుడి. ఎండకు కమిలిన ఆ కూలివాని ముఖము మీదనే దేవుని ముద్ర యున్నది. వాని కూలి సాయంకాలమునకే వాని చేతిలో పెట్టుడి. అదియు దేవునివి దేవునికి చెల్లించుటయే.

తిబెరి దేనారములు వర్తకముతో మన దేశమునకును వచ్చి, నల్గొండ జిల్లా మట్టిలోను దొరికినవి. రాజు పోయెను, రాజ్యము పోయెను. పాపముచేత మనలో అరిగిన రూపమునైతే క్రీస్తు దినదినము నూతనపరచుచున్నాడు. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.