ఒక ఉత్తరం, ఒక రూలు

2015 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం వెళ్ళింది. రాసింది ‘ప్రజ్వల’ సంస్థ. ఉత్తరంతో పాటు ఒక పెన్‌డ్రైవ్, అందులో రెండు వీడియోలు. రెండూ సామూహిక అత్యాచారాలే. చేసినవాళ్ళే తీసి వాట్సాప్‌లో వదిలారు. సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్ బాధితురాలి మొహం కనపడకుండా చేసి, నేరస్థుల మొహాలు మాత్రం చూపిస్తూ ఆ దృశ్యాల్ని బయటపెట్టారు. వీళ్ళెవరో గుర్తుపట్టండి అని అడిగారు. ఆ రోజుల్లోనే ఆమె కారు మీద రాళ్ళు పడ్డాయి. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సిబిఐ దర్యాప్తుకి ఆదేశించింది.

ఆరేళ్ళ తర్వాత, 2021 ఫిబ్రవరి 25న, కేంద్రం కొత్త ఐటీ రూల్స్ తెచ్చింది. ఇవి ఎందుకు అవసరమయ్యాయో చెబుతూ ప్రభుత్వం ఇచ్చిన ప్రకటనలో ప్రజ్వల కేసు కూడా ఉంది. ఆ రూల్స్‌లో 4(2) అని ఒకటుంది. 50 లక్షలకి పైగా యూజర్లున్న మెసేజింగ్ సర్వీసు ఏదైనా సరే, కోర్టో ప్రభుత్వమో ఆదేశిస్తే, ఫలానా మెసేజిని దేశంలో మొట్టమొదట పంపిందెవరో చెప్పగలగాలి అంటుంది అది.

ఒక బాధితురాలి కోసం రాసిన ఉత్తరం, తిరిగి తిరిగి, మనందరి ఫోన్ల మీద ఒక రూలుగా వచ్చి వాలింది. ఉత్తరం రాసినవాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ రాసేవాణ్ణి. మధ్యలో ఏం మారిపోయిందన్నదే నా ప్రశ్న.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఇంటర్నెట్ స్వేచ్ఛ గురించి మాట్లాడే నాలాంటివాళ్ళకి ఒక చెడ్డ అలవాటుంది. ఇలాంటి చట్టం రాగానే ‘ఇదంతా సాకు, అసలు సంగతి నిఘా’ అనేస్తాం. అందులో నిజం ఉండొచ్చు. కానీ ఆ మాట ఆ వీడియోలో ఉన్న మనిషి ఎదురుగా కూచుని అనగలమా? మా వైపు మిరప కోతలకి కర్నూలు జిల్లా నుంచి కుటుంబాలకి కుటుంబాలే వస్తాయి. అలా వచ్చిన ఒకమ్మాయిని ఊహించుకుందాం. ఎవడో సిటీలో పని ఇప్పిస్తానన్నాడు. తీసుకెళ్ళాడు, వీడియో తీశాడు. పారిపోతే మీ ఊరి గ్రూపులో పెడతానంటున్నాడు. గదికి బయట గొళ్ళెం పెట్టాల్సిన పని కూడా లేదు వాడికి, ఫోను చాలు. ఆ అమ్మాయి నన్ను, ‘నీ ప్రైవసీ సరే, నా సంగతేంటి?’ అనడిగితే, రాజ్యాంగం గురించి మాట్లాడితే సరిపోదు.

అందుకని ఆమె వైపు నుంచే చూద్దాం. ఆమెకి ఏం కావాలి? ఆ వీడియో ఈ రాత్రికే పోవాలి. స్టేషన్‌కి వెళితే ‘నువ్వెందుకు వెళ్ళావమ్మా వాడితో’ అనకుండా కంప్లయింట్ రాసుకోవాలి. తన పేరు బయటికి రాకూడదు. 4(2) వీటిలో ఏ ఒక్కటీ ఇవ్వదు. ఎప్పుడో, ఏ ఫైల్లోనో, మొదట పంపింది ఎవరో ఇంకెవరికో చెబుతుంది. ఆమె విషయంలో ఆ మొదటివాడెవడో ఆమెకి ముందే తెలుసు.

ఇంకో సంగతి. ఆ ఉత్తరం వెళ్ళిన నాటికి వాట్సాప్‌లో వీడియోలకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. అది అందరికీ, అన్ని రకాల మెసేజీలకీ వచ్చింది 2016 ఏప్రిల్లో. అంటే తలుపులు తెరిచి ఉన్న రోజుల్లోనే ఆ వీడియోలు ఊళ్ళన్నీ తిరిగాయి. నేరస్థుల మొహాలు స్పష్టంగా కనపడుతున్నా ఎవరూ కదల్లేదు. అప్పుడు లోపించింది చూడగలిగే శక్తి కాదు, చూసి కదిలే మనిషి. ఆ లోటుని ఎన్‌క్రిప్షన్ బద్దలుకొట్టి ఎలా పూడుస్తాం?

‘మొదట పంపినవాడు’ అన్నది వినడానికి చిన్న కోరికలాగే ఉంటుంది. కానీ రేపు ఏ మెసేజి గురించి అడుగుతారో ఇవాళ తెలీదు. కాబట్టి ప్రతి మెసేజికీ ఒక గుర్తు వేసి, ఎవరు పంపారో దాచి ఉంచాలి. మీ అమ్మ పంపిన గుడ్ మార్నింగ్‌కి కూడా. పైగా వీడియోని అర సెకను కత్తిరించి మళ్ళీ సేవ్ చేస్తే ఫైల్ గుర్తు మారిపోతుంది. ఆ పాటి తెలివి నేరగాడికి ఉంటుంది. దాచుకోవాల్సిన పనిలేని మిగతా జనమంతా రికార్డులో మిగులుతారు.

రూలు రాసినవాళ్ళు కొన్ని హద్దులు పెట్టారు, అదీ చెప్పాలి. వేరే తేలిక మార్గం ఉంటే ఇది వాడకూడదు. మెసేజిలో ఏముందో చెప్పమని కంపెనీని అడగకూడదు. కానీ ఏయే నేరాలకి వాడొచ్చో ఆ జాబితా చదవండి. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, పబ్లిక్ ఆర్డర్, ఇవన్నీ అయ్యాక చివర్లో అత్యాచారం, లైంగిక దృశ్యాలు, పిల్లల మీద లైంగిక హింస. ఉత్తరం రాయించిన కారణం వరసలో ఆఖరుకి చేరింది.

వరసలో ముందున్న మాటలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోడానికి దూరం పోనక్కర్లేదు, చీరాల చాలు. 2013 మేలో పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్. నాయకురాలు, లాయరు జయ వింధ్యాలని పోలీసులు హైదరాబాద్‌లో అరెస్టు చేసి ప్రకాశం జిల్లా చీరాలకి తీసుకొచ్చారు. అప్పటి తమిళనాడు గవర్నరు మీద, చీరాల ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో అభ్యంతరకరమైన రాతలు పెట్టారని ఆరోపణ. పెట్టిన సెక్షన్ ఐటీ చట్టంలోని 66ఎ. ఆమె అరెస్టు మీద పిటిషన్ వచ్చాకే సుప్రీంకోర్టు, పై అధికారుల అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద ఎవర్నీ అరెస్టు చెయ్యొద్దని చెప్పింది. 2015 మార్చి 24న, అంటే ప్రజ్వల ఉత్తరం వెళ్ళిన మరుసటి నెలలో, ఆ సెక్షన్నే కొట్టేసింది.

66ఎ ఏ చట్టంతో వచ్చిందో చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. 2008 ఐటీ సవరణ చట్టం. ఒకరి ఒంటిని వాళ్ళ ఇష్టం లేకుండా ఫోటో తీసి పంచితే శిక్షించే 66ఇ, పిల్లల లైంగిక దృశ్యాల మీద 67బి, అవీ అందులోవే. ఆడవాళ్ళకి, పిల్లలకి పనికొచ్చే సెక్షన్లూ, లాయరమ్మని చీరాలకి పట్టుకొచ్చిన సెక్షనూ ఒకే సంచీలో వచ్చాయి. 66ఇ మాటలు ఇరుకు: ఏ ఫోటో, ఎవరి అనుమతి, అంతే. 66ఎ మాటలు వెడల్పు: ‘చిరాకు’, ‘అసౌకర్యం’. పోలీసుకి ఫోన్ చేయగలిగినవాడి చిరాకే అందులో లెక్కకొచ్చింది.

ఇది మన దగ్గరే కాదు. 2018 ఏప్రిల్ 11న అమెరికాలో ఫోస్టా చట్టం మీద సంతకం అయింది. ట్రాఫికింగ్‌కి తోడ్పడే వెబ్‌సైట్లకి, యూజర్ల రాతలకి తాము బాధ్యులు కాదనే రక్షణ ఇక ఉండదన్నారు. చట్టానికి ముఖ్య కారణంగా చూపించిన బ్యాక్‌పేజ్ సైటుని సంతకానికి అయిదు రోజుల ముందే, ఉన్న చట్టాలతోనే మూసేశారు. కొత్త చట్టం చేసిన పని వేరే. బిల్లు ఇంకా సంతకం కాకముందే క్రెయిగ్స్‌లిస్ట్ తన పర్సనల్స్ విభాగం మొత్తం తీసేసింది. సెక్స్ వర్కర్లు ప్రమాదకరమైన విటుల గురించి ఒకరినొకరు హెచ్చరించుకునే చోట్లు కూడా పోయాయి. 2021 జూన్‌లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క చూస్తే, కొత్త క్రిమినల్ సెక్షన్ని అప్పటిదాకా వాడింది ఒకే ఒక్క కేసులో. ఇలాంటి సైట్లు పరాయి దేశాలకి మారిపోయి, సాక్ష్యాలు దొరకడం ఇంకా కష్టమైందని కూడా ఆ నివేదిక చెప్పింది.

అదే 2018 జులై 26న మన లోక్‌సభ మనుషుల అక్రమ రవాణా మీద ఒక బిల్లు పాస్ చేసింది. ట్రాఫికింగ్‌కి ‘దారితీయగల’ ప్రచారాన్ని కూడా నేరం చేసే మాటలున్నాయి అందులో. రాజ్యసభ దాటకుండానే 2019లో మురిగిపోయింది. కానీ ‘దారితీయగల’ అన్న ముక్క కంపెనీలో కూచుని చదివేవాళ్ళకి ఎలా వినపడుతుందో నాకు అనుభవమే. నేను పనిచేసిన ఒకచోట అసభ్యమైన పోస్టుల్ని ఆపే ఫిల్టర్ రాశాను. తెలుగు మాటల లిస్టు నేనే ఇచ్చాను. నెల తర్వాత చూస్తే, వేధింపులకి గురైన ఆడవాళ్ళు ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పే పోస్టులు కూడా అందులో చిక్కుకుని ఉన్నాయి. కష్టం చెప్పుకోడానికి, కష్టం పెట్టడానికి వాడే మాటలు ఒకటే మరి. లిస్టు తగ్గిద్దామంటే, ‘ఒక్కటి తప్పించుకున్నా కేసు మనమీద పడుతుంది, వంద మంచివి పోతే ఎవరూ అడగరు’ అన్నారు. ఆ తర్కంలో తప్పు పట్టలేకపోయాను. నేను లిస్టు మార్చలేదు.

మాది పత్తి పండే ఊరు. ఆ ఫిల్టర్ని తల్చుకున్నప్పుడల్లా నాకు మా నాన్న చెప్పే తెల్లదోమ గుర్తొస్తుంది. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొత్తగా వచ్చాయి. కాయతొలుచు పురుగు మీద మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. కనపడిన పురుగల్లా చస్తుంటే రైతు ఇంకా కొట్టాడు. పురుగుతో పాటు, పురుగుల్ని తినే మిత్ర పురుగులు కూడా పోయాయి. అడ్డులేక తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు ఆ నష్టాల, ఆ అప్పుల వెనకే వచ్చాయి. పురుగు అబద్ధం కాదు, రైతు బాధ అబద్ధం కాదు. ఏది పురుగో ఏది మిత్రమో తెలీని మందు కొట్టడమే తప్పయింది.

అయితే ఏ చట్టమూ వద్దా? కావాలి. 2021 రూల్స్‌లోనే 3(2)(బి) అని ఇంకోటుంది. తన నగ్న దృశ్యం ఎవరో పెట్టారని బాధితురాలు గానీ, ఆమె తరఫున ఎవరైనా గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసెయ్యాలని 2021లో అది చెప్పింది. ప్రజ్వల కేసు నడిచిన కాలంలోనే, 2018లో, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే ప్రభుత్వ పోర్టల్ వచ్చింది. ఆ ఉత్తరానికి నిజమైన జవాబులు ఇవి. ఇక్కడ స్విచ్ ఆమె చేతిలో ఉంది. 4(2)లో స్విచ్ ప్రభుత్వం చేతిలో ఉంది. ఆడవాళ్ళ పేరు మీద ఏ చట్టం వచ్చినా నేను ఇప్పుడు అడిగే ప్రశ్న అదొక్కటే. ఎవరి కన్నీళ్ళు చూపించి తెచ్చారన్నది కాదు, తెచ్చాక అధికారం ఎవరి చేతికిచ్చారన్నది.

దీనికి గట్టి అభ్యంతరం ఉంది. పబ్లిక్ పేజీలోంచి తీసెయ్యొచ్చు, కానీ ఎన్‌క్రిప్టెడ్ గ్రూపుల్లో తిరిగేదాన్ని ఈ రూలు ఏం చేస్తుంది? గ్రూపులో ఉన్న ఒక్కడైనా రిపోర్టు కొడితే, ఆ మెసేజి వాడి ఫోన్లోంచి కంపెనీకి చేరుతుంది. తాళం పగలగొట్టాల్సిన పని లేదు, లోపలున్నవాడు తలుపు తీస్తే చాలు. కానీ ఆ ఒక్కడు లేని గ్రూపులు ఉన్నాయి. అక్కడ ఆమె వీడియో తిరుగుతూనే ఉంటుంది. 2024 ఏప్రిల్లో వాట్సాప్ తరఫు లాయరు, ఎన్‌క్రిప్షన్ బద్దలుకొట్టాల్సి వస్తే దేశం వదిలి వెళ్ళిపోతామని ఢిల్లీ హైకోర్టులో అన్నారు. వ్యాపారం చేసుకునేవాళ్ళు ఆ మాట సులువుగా అనగలరు. నేను అనలేను. నా మెసేజీలు భద్రంగా ఉండటానికి అయ్యే ఖర్చులో కొంత నేను కట్టడం లేదు, ఆమె కడుతోంది. స్వేచ్ఛ కావాలనేవాళ్ళం ముందు ఈ అప్పు ఒప్పుకోవాలి.

ఆ అప్పు కొంతైనా తీర్చే పనులు మన చేతుల్లో ఉన్నాయి. కంప్లయింట్ రాసుకోని స్టేషన్ గురించి మనం 4(2) మీద రాసినంత కోపంగా రాయాలి. ఫిల్టర్లు రాసేవాళ్ళం, ఎన్ని చెడ్డవి ఆపామో లెక్కపెట్టినట్టే ఎన్ని మంచివి చంపామో కూడా లెక్కపెట్టి పైవాళ్ళకి చూపించాలి. గ్రూపులో అలాంటిది వచ్చినప్పుడు, చప్పుడు చెయ్యకుండా డిలీట్ చేసి ఊరుకోకుండా రిపోర్టు కొట్టే ఆ ఒక్కడు మనం కావాలి. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళలో నా ఫోనుకి అలాంటివి రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ డిలీట్ చేసి గ్రూపులోంచి బయటికొచ్చేశాను.